కవచం చేసినవాడెవడు?

వీరుని ఒంటిమీద మహిమగల కవచం ఉన్నదంటే చాలు, పిల్లలు ఆ కథకు చెవులప్పగిస్తారు. ఇది ఈనాటి ముచ్చట కాదు. 2008లో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’ చిత్రానికి అమెరికా పిల్లలు ఎంత మురిసిపోయారో, కర్ణుని కవచకుండలాల కథ విని మన తాతముత్తాతలు అంతకు తక్కువేమీ మురిసిపోలేదు. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ ఈ రెండు సంబరాలనూ ఒకచోట కలిపింది. మహాభారత వీరులను తెచ్చి యంత్రాల ప్రపంచంలో నిలబెట్టింది. ఆ చిత్రం బాగోగులు నాకు అప్రస్తుతం. నా ప్రశ్న వేరు. వీరుడు తొడుక్కునే ఆ కవచాన్ని చేసినవాడెవడు?

అమెరికా కథలో దీనికి జవాబు సూటిగా ఉంది. బందీగా చిక్కిన కథానాయకుడు గుహలో దొరికిన ఇనుప సామగ్రిని కాల్చి, సమ్మెటతో కొట్టి, తన తొలి కవచాన్ని తానే చేసుకుంటాడు. చేసినవాడే తొడిగినవాడు. మన కథలలో అలా కాదు. 1980లో వచ్చిన ఎన్.టి.రామారావు ‘సూపర్ మ్యాన్’లో వీరుని బలం ఆంజనేయుని అనుగ్రహం. 2024 జనవరిలో వచ్చిన ‘హనుమాన్’లో అది ఒక మణి మహిమ. మనకు శక్తి అనేది వరం, పైనుంచి దిగివచ్చేది. వరానికి కొలిమి ఉండదు, కూలి ఉండదు, చేతికి కాయలు కాయవు. ఈ అలవాటు సినిమావారితో మొదలైనది కాదు. దీని వేళ్ళు మన కావ్యాల్లో, మన నిఘంటువుల్లో ఉన్నాయి. దానికి బదులు చెప్పే సాక్ష్యం మాత్రం మా పాత ఇందూరు జిల్లా నేలలోనే ఉంది. ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. తెలుగు పండితునికి ఇల్లు నిఘంటువే కదా! అమరసింహుడు కవచానికి ఏడు పేర్లు చెప్పాడు. తనుత్రమంటే ఒంటిని కాచేది. ఉరశ్ఛదమంటే రొమ్మును కప్పేది. వర్మమన్నా కవచమే. అచ్చతెనుగులో మైమరువు అన్నారు, మేనికి మరుగు అని. జోడు అనీ అన్నారు. వీటన్నిటికంటె నాకు ఇష్టమైన మాట మరొకటి ఉంది. పెళ్ళికి సన్నాహాలు, ఎన్నికలకు సన్నాహాలు అని పత్రికలవారు రోజూ రాస్తుంటారు. ఆ సన్నాహం పుట్టింది కవచం నుంచే. ‘నహ్’ అనే ధాతువుకు కట్టడం అని అర్థం. ఒంటికి కవచాన్ని బిగించి కట్టుకోవడం సన్నాహం, అలా కట్టుకున్నవాడు సన్నద్ధుడు. నేడు పరీక్షలకు సన్నద్ధమయ్యే ప్రతి విద్యార్థీ తనకు తెలియకుండానే కనిపించని జోడొకటి తొడుక్కుంటున్నాడు. ఇంత పదసంపద ఉన్నది గదా, అందులో తొడుక్కోవడానికీ కట్టుకోవడానికీ కాచుకోవడానికీ మాటలున్నాయి. ఆ కవచానికి కావలసిన లోహాన్ని కరగడానికి, పోతపోయడానికి, చల్లార్చడానికి మాటలేవి? అవి కావ్యభాషలోకి రాలేదు.

ఇక కథలు. మహాభారతంలో రెండు గొప్ప కవచాలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిన కర్ణునిది. అది పుట్టుకతో వచ్చింది, చర్మంతో పాటు పెరిగింది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి యాచిస్తే దానిని ఒంటినుంచి కోసి ఇచ్చాడు. తెలుగులో ఈ ఘట్టం ఎఱ్ఱన పూరించిన ఆరణ్యపర్వ శేషంలో వస్తుంది. కోసి ఇచ్చినందువల్లనే వైకర్తనుడనే పేరు వచ్చిందని భారతం చెబుతుంది. బదులుగా దొరికిన శక్త్యాయుధం ఒక్కసారికే పనికివచ్చేది. దానిని అర్జునుని కోసం దాచుకుంటే ఘటోత్కచునిపై ఖర్చయిపోయింది. కవచం ఉన్నంతకాలం కర్ణుడు అజేయుడు. అది పోయిన తరువాతనే అతడు మహాదాత. తొడుక్కున్నందుకు కాక విప్పి ఇచ్చినందుకు ఒకనిని పూజించడం మన కథలోని విశేషం.

రెండవ కవచం అంతగా ప్రచారంలోకి రాలేదు. అది ద్రోణపర్వంలోనిది. సైంధవుని చంపి తీరుతానని అర్జునుడు ప్రతిన పూనిన మరునాడు, దుర్యోధనుడు ఆచార్యుని దగ్గరికి వెళ్ళి నిష్ఠురమాడతాడు. అప్పుడు ద్రోణుడు అతనికి ఒక బంగారు కవచాన్ని మంత్రపూర్వకంగా కట్టి పంపుతాడు. వృత్రాసురునితో పోరినప్పుడు శివుడు ఇంద్రునికిచ్చిన రక్ష అది. ఇంద్రుని నుంచి అంగిరసునికి, అంగిరసుని నుంచి బృహస్పతికి, అతని నుంచి అగ్నివేశ్యునికి, అగ్నివేశ్యుని నుంచి ద్రోణునికి వచ్చింది. అర్జునుని బాణాలు దానికి తగిలి జారిపడ్డాయి. కృష్ణుడే ఆశ్చర్యపోయాడు. అర్జునుడు మాత్రం ఇది మా గురువుగారి విద్య అని గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ఆ కవచం కప్పని చోటు ఎక్కడున్నదా అని చూశాడు. గుర్రాలను కూల్చాడు, వింటిని తుంచాడు, చివరకు దుర్యోధనుని అరచేతులను తూట్లు పొడిచాడు. కవచం చెక్కుచెదరలేదు, వీరుడు మాత్రం తొలగిపోవలసి వచ్చింది.

నేటి సినిమా రచయితలు పాఠంగా చదువుకోదగిన ఘట్టమిది. ఎంతటి జోడుకైనా కప్పని చోటొకటి ఉంటుంది. పైగా విద్య లేనివానికి కవచమిస్తే అతడు దాని మోతగాడే అవుతాడు. ఈ రెండూ మనవారికి క్షుణ్ణంగా తెలుసు. ఆ ద్రోణపర్వాన్ని తెనిగించిన తిక్కనకూ తెలుసు. కాని ఆ వంశావళిని మరొకసారి చూడండి. శివుడు, ఇంద్రుడు, అంగిరసుడు, బృహస్పతి, అగ్నివేశ్యుడు, ద్రోణుడు. కవచం ఎవరెవరి చేతులు మారిందో ఆరు పేర్లు చెప్పారు. బంగారాన్ని కరగించి రేకు తీసినవాని పేరు అందులో లేదు.

లోహం కూడా అక్కరలేదనుకున్న దశ తరువాత వచ్చింది. భాగవతం షష్ఠస్కంధంలో విశ్వరూపుడు ఇంద్రునికి నారాయణ కవచం ఉపదేశిస్తాడు. తెలుగులో ఆ స్కంధాన్ని రచించినవాడు ఏర్చూరి సింగన. దేవీ కవచం వంటి స్తోత్రాలూ ఈ కోవకు చెందినవే. ఈ స్తోత్రాలలో ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క దేవతను కాపలా పెడతారు. కాలివేళ్ళ దగ్గర్నుంచి నడినెత్తి దాకా ఖాళీ లేకుండా మాటలతో అల్లిన అంగీ అది. అర్జునుడు చూసిన అరచేతి ఖాళీని పూడ్చడానికే ఇవి పుట్టాయా అనిపిస్తుంది నాకు.

నేను ఎల్లారెడ్డి ప్రాంతంలో తెలుగు చెప్పుతున్న రోజుల్లో, కర్ణుని పాఠం నడుస్తుండగా వెనుక బల్ల మీది పిల్లవాడొకడు లేచాడు. వాళ్ళది కమ్మరి ఇల్లు. “సార్, గా కవచం ఎవలు చేసిండ్రు?” అన్నాడు.

“సూర్యుడు ఇచ్చిండు” అన్నాను.

“ఇచ్చిండు సరే సార్. చేసిందెవలు? సూర్యునింట్ల గూడ కమ్మరాయన ఉంటడా?”

తరగతి గొల్లుమన్నది. నేను నవ్వలేదు. పురాణాల్లో నిజంగానే దానికి జవాబు ఉన్నది. సూర్యుని భార్య సంజ్ఞ. ఆమె తండ్రి విశ్వకర్మ. అల్లుని వేడిని కూతురు భరించలేకపోతే, విశ్వకర్మ సూర్యుని తన చక్రం మీద ఎక్కించి, చిత్రికపట్టి, తేజస్సులో ఎనిమిదవ పాలును చెక్కివేశాడు. రాలిన ఆ పొట్టుతోనే విష్ణువుకు చక్రం, శివునికి శూలం, కుమారస్వామికి శక్తి చేశాడు. “సూర్యుని ఇంట్లో కమ్మరి ఉండడమేమిటిరా, సూర్యుని మామే ఆ పనివాడు” అని ఈ కథంతా చెప్పాను. ఆ పిల్లవాడు కూర్చున్న తీరు నాకిప్పటికీ గుర్తే. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

దేవలోకపు పనివానిని మనవారు మరువలేదు, ఒప్పుకుంటాను. మరి భూలోకంలో? అక్కడ మనం ఎల్లారెడ్డి నుంచి ఉత్తరానికి, కామారెడ్డి దాటి, నిజామాబాద్ జిల్లా ఈశాన్యపు అంచుకు వెళ్ళాలి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది గాని, అంతకుముందు ఇవన్నీ ఒకే జిల్లా. ఆ అంచున కమ్మర్‌పల్లి అనే మండలం ఉంది. పేరులోనే కమ్మరి ఉన్నాడు చూడండి. ఆ వైపున ఉన్నదే కోనసముద్రం, జనం నోట కోనసముందర్. ఒకప్పుడు ఈ పల్లె ఉక్కు కోసం ఇరాన్ దేశపు వర్తకులు సముద్రాలు దాటి వచ్చారు.

ఈ మాటకు సాక్షి హెన్రీ వోయిసీ. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో అతడు వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో ఉక్కు తీసే పద్ధతిని కళ్ళారా చూసి అతడు రాసుకున్నది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అతడు వెళ్ళినప్పుడు ఇస్ఫహాను నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు అక్కడే మకాం వేసి ఉన్నాడు. డమాస్కస్ కత్తులని పేరు మోసిన ఖడ్గాల లోహం పుట్టినచోట్లలో ఇదొకటి.

పద్ధతిని కొంచెం వివరిస్తాను. అసలు మహిమ అక్కడే ఉంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ కాలపు కొలిమికి అది అందదు. ఇనుములో బొగ్గుపాలు, అంటే కర్బనం, కలిసేకొద్దీ అది తక్కువ వేడికే కరుగుతుంది. నూటికి ఒకటిన్నర వంతు కర్బనం చేరితే సుమారు వంద డిగ్రీలు తక్కువైనా చాలు. మైసూరు, తమిళ ప్రాంతాలలో మెత్తని ఇనుము ముక్కలను కట్టెపేళ్ళతో, పచ్చి ఆకులతో మూసలో పెట్టి మూతవేసి కాల్చేవారు. కోనసముద్రంవారి దారి వేరు. వారు రెండు తావుల నుంచి రెండు రకాల ఇనుము తెచ్చి, పాళ్ళు చూసి, ఒకే మూసలో కలిపి కరగించారు. ఒక రాత్రీ పగలూ తిత్తులు ఆడుతూనే ఉండాలి. ఆ తరువాత తొందరపడక మెల్లగా చల్లారనివ్వాలి. చల్లారిన బిళ్ళను మళ్ళీ మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాచి పెళుసుదనం తీయాలి.

మూస సంగతి ఇంకా విశేషమైనది. అంతటి మంటలో లోపల లోహం కరగాలి, మూస మాత్రం కరగరాదు, పగలరాదు. మట్టిలో వారు వడ్ల ఊక కలిపారు. ఊక కాలి బొగ్గయి, అందులోని సిలికా మట్టితో కలిసి, మూసగోడకు లోపల ఒక అస్థిపంజరంలా నిలబడింది. గత శతాబ్ది చివరలో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఈ ప్రాంతపు మూస పెంకులను పరీక్షించి, వాటి తట్టుకునే శక్తిని శాస్త్రలోకానికి తెలియజెప్పింది. చెరువు కింద పండిన వడ్ల పొట్టు, ప్రపంచంలో మేలైన ఉక్కుకు తల్లిగర్భం అయింది. ఉక్కు వీరునికి కవచం. ఆ ఉక్కుకు కవచం మన ఊక.

ఉక్కు అనే మాటే ఐరోపాకు వెళ్ళి ‘ఊట్జ్’ అయింది. తెలుగు, కన్నడాలలో సమానమైన ఈ మాటను విన్నవారో రాసినవారో తప్పుగా పట్టుకోగా ఆ రూపం నిలిచిపోయింది. 1795లో జార్జ్ పియర్సన్ లండను రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో అది అచ్చుకెక్కింది. 1819లో మైకేల్ ఫారడే దీనిని విశ్లేషించాడు. విద్యుత్తు శాస్త్రంలో జగత్ప్రసిద్ధుడు కాకముందు ఆ మహానుభావుడు కుస్తీ పట్టింది మన ఉక్కుతో! ఐరోపా కమ్మరులు దీనిని తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొడితే పొడి పొడి అయింది. ఎర్రని వేడి దాటనీయక, ఓపికగా సాగగొట్టితేనే అది లొంగుతుంది. అప్పుడే దాని ఒంటిమీద నీటి అలల వంటి చారలు తేలుతాయి. వాటిని తెచ్చేవి కార్బైడు పొరలని, లోహంలో రవ్వంత ఉన్న వెనేడియం వంటి ధాతువులు ఆ పొరలకు తోడ్పడతాయని 1998లో వెర్‌హోవెన్, పెండ్రే అనేవారు చూపారు. 2006లో డ్రెస్డెన్ శాస్త్రవేత్త పీటర్ పౌఫ్లర్ బృందం, 17వ శతాబ్దపు ఒక డమాస్కస్ కత్తిలో కర్బనపు నానో గొట్టాలు ఉన్నాయని ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. కల్పిత కథలో వీరుడు తొడుక్కునే అద్భుత లోహానికి ఇంతకంటె అద్భుతం ఏమి రాయగలరు?

పౌఫ్లర్ పరీక్షించిన ఆ కత్తి అసదుల్లా అనే ఇరానీ పనివానిదిగా చెబుతారు. అసదుల్లా పేరు కత్తుల మీద బంగారంతో చెక్కి ఉండడం ఆ కళాప్రియులందరికీ తెలుసు. కత్తి సాగగొట్టినవానికి పేరు మిగిలింది. కొన్న వర్తకుని పేరు వోయిసీ పుణ్యమా అని మిగిలింది. రాసిన వోయిసీ పేరు మిగిలింది. ఊక కలిపి మూస చేసినవాడు, ఇరవైనాలుగు గంటలు తిత్తి ఆడించినవాడు, రంగు చూసి వేడి పాకం గుర్తుపట్టినవాడు, వీరిలో ఒక్కరి పేరూ లేదు. మూసలో ఉక్కుకు వెలుపలి కొలిమిలో తొలి ఇనుప ముద్దను తీసేవారిని ఈ ప్రాంతంలో ముద్దకమ్మరులు అన్నారు. కులం పేరుగా మాత్రమే వారు చరిత్రకు దక్కారు.

కవచాల సంగతికి వద్దాం. దక్కను సుల్తానుల కాలానికి జోడు అనేక రూపాలెత్తింది. ఇనుప కడియాలు ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన జల్లెడ అంగీ ఒకటి. రొమ్ముకు, వీపుకు, రెండు పక్కలకు నాలుగు పలకలు కట్టే ‘చార్ ఆయీనా’ మరొకటి. నాలుగు అద్దాలని దాని అర్థం. మేలిరకం వాటిని ఈ అలల ఉక్కుతోనే చేశారు. గుడ్డపొరల మీద వేయి మేకులు దిగగొట్టిన అంగీ ఇంకొకటి. మండుటెండలో వీటిని మోయడం మాటలా! అందుకే దూది కుట్టిన అంగీలూ వాడారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదికి వెళ్ళినవారు రాజుల పేర్లు చదివి వస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు పేర్లు వదిలి ఆ లోహం మీది చారలు చూడండి.

మా పల్లెల జనం ఈ ఉక్కు జోడులను ఎన్నడూ చూసి ఉండరు. వారు చూసిన వీరకవచం ఇంకొకటి ఉంది. అది కర్రది. నా చిన్నతనంలో ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో చిందు భాగవతులు వచ్చి ఆడేవారు. ముఖానికి అర్దళం, తలమీద కిరీటం, భుజాలమీద భుజకీర్తులు. తేలిక కర్రతో చెక్కి, రంగులు వేసి, అద్దపు బిళ్ళలు అతికించిన ఆ నగలు కాగడాల వెలుతురులో తళతళలాడుతుంటే, చిందు తొక్కే ప్రతి అడుగుకూ నేల అదిరినట్లుండేది. పగటిపూట అదే మనిషిని మాదిగవాడ అంచున గుడిసె ముందు చూసినప్పుడు, రాత్రి చూసిన చక్రవర్తి ఇతడేనా అని నివ్వెరపోయేవాడిని. చిందువారిది మాదిగలను ఆశ్రయించి బతికే కులం. అంటరానితనంలోనూ అడుగు మెట్టు. కర్ర కవచం తొడిగిన రాత్రి మాత్రమే ఊరు వారికి దారి ఇచ్చేది.

ఇక్కడ చేసినవాడూ తొడిగినవాడూ ఒక్కరే. అమెరికా కథలోని గుహకు మన దగ్గర పోలిక వెదికితే అది చిందువారి గుడిసెలో దొరుకుతుంది. నిజామాబాదు జిల్లా గర్వించదగిన చిందు ఎల్లమ్మ ఆడదై ఉండి మగవేషాలు కట్టి మెప్పించింది. 2005లో ఆమె కన్నుమూసింది. 2024లో జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి గాను పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కాని ఒక్క పతకం ఎన్ని గుడిసెల మీద కప్పు వేస్తుంది?

ఉక్కు కవచానికి మాత్రం అంత్యదశ ముందే వచ్చింది. తుపాకీ గుండు ముందు ఇనుప రేకు ఆగలేదు. కామారెడ్డి జిల్లా జుక్కల్ మండలంలో కౌలాస్ కోట ఉంది. ఆ కోట రాజా దీప్‌సింగ్ 1857 తిరుగుబాటు రోజులలో ఆంగ్లేయులకు వ్యతిరేకంగా నిలిచి శిక్షకు గురయ్యాడు. ఆనాటికి యుద్ధమంటే ఫిరంగి, తుపాకీ. జోడు దర్బారు అలంకారంగా మిగిలింది. సరిగ్గా ఆ ముందటి ఏడు, 1856లో, ఇంగ్లండులో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది టన్నుల కొద్దీ ఉక్కు తీసే ఉపాయాన్ని ప్రకటించాడు. ఒక రోజంతా కాచి బిళ్ళెడు ఉక్కు తీసే మూస దాని ముందు ఎట్లా నిలుస్తుంది? బొగ్గుకు అడవి కరువయింది, సీమ ఇనుము చవకయింది. అలా కవచం అడిగేవాడూ కరువై, ఉక్కు కొనేవాడూ కరువై, ముద్దకమ్మరి మామూలు కమ్మరి అయ్యాడు. కత్తికి లోహం పుట్టించిన చేయి నాగటి కర్రుకు పదును పెట్టి, కల్లంలో మేర గింజలు తీసుకుంది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి ఈ నేల పచ్చబడితే కర్రులకు పని పెరిగింది. తరువాత ట్రాక్టరు వచ్చి ఆ పనీ పోయింది.

2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో ఈ ఇనుము, ఉక్కు తావులను సర్వే చేశాయి. శారదా శ్రీనివాసన్, గిలియన్ జులెఫ్‌లతో పాటు, ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగి ఈ విషయమే పరిశోధించిన వరంగల్ ఆచార్యులు ఎస్.జైకిషన్ ఆ పనిలో ఉన్నారు. తావుకు తావు తగులుతూ చిట్టెం కుప్పలు, మూస పెంకులు ఎన్నో నమోదయ్యాయి. ఇనుము కరిగినప్పుడు వేరుపడే కల్మషమే చిట్టెం. దానికి విలువ లేదు గనుక చేను చదును చేసేటప్పుడు, బాట పోసేటప్పుడు మొదట ఎత్తిపోసేది దానినే. మా జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. తగిన గౌరవమే. కోటకు గోడలున్నాయి, వారసులున్నారు. చిట్టెం కుప్పకు ఎవరున్నారు?

కుప్పలు పోతే పోనీ, వాటితో పాటు పోతున్న మాటలే నా బాధ. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశానికి 1962లో వ్యవసాయ పదాలతో శ్రీకారం చుట్టారు. రైతు మాటలు ఆ విధంగా పుస్తకానికెక్కాయి. కొలిమి ముందరి మాటలను కూడా అంతే శ్రద్ధతో ఊరూరా పట్టుకోవలసి ఉంది. తిత్తి నోటికి, మూస మూతకు, వేడి పాకాన్ని తెలిపే ఒక్కొక్క రంగుకు, సగం కరిగిన ముద్దకు, చెడిపోయిన బిళ్ళకు వారు వాడిన పేర్లు ఏమిటి? అమరకోశంలో కవచానికి ఏడు పేర్లుంటే, ఇక్కడ ఉక్కుకు ఎన్ని పేర్లున్నాయో? కమ్మరి ఇళ్ళలో డెబ్బై, ఎనభై ఏళ్ళ వృద్ధులు ఇంకా ఉన్నారు. వారి తాతలు చెప్పిన మాటలు వారి నాలుకలమీద ఎక్కడో మిగిలి ఉంటాయి.

కనుక చదువరులకు ఒక మనవి. మీది ఉత్తర తెలంగాణ పల్లె అయితే, ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు చెరువు కట్ట దగ్గరా పాత చేలగట్ల మీదా నల్లగా, బరువుగా, గాజులా మెరిసే గడ్డలు కనబడతాయేమో చూడండి. ఒకటి చేతిలోకి తీసుకోండి. ఆ పక్కనే కమ్మరి ఇల్లు ఉంటే ఆ గడప మీద కూర్చుని పెద్దాయనతో మాట్లాడండి. “తాతా, మీ కొలిమిల దీన్నేమంటరే?” అని అడిగి, ఆయన ఏమంటే అది అన్నట్లుగానే, ఆయన యాసలోనే, రాసుకోండి. కింద ఆయన పేరు, ఆయన తండ్రి పేరు కూడా రాయండి.